మోచేయి చెవిని దాటవలెను

దొమ్మేటి హైమావతి దగ్గర పరాయి దేశంలో చదివిన ఫిజియోథెరపీ డిగ్రీ ఉంది. దానిమీద బంగారు రంగు ముద్ర ఉంది. అడుగున ముగ్గురు ప్రొఫెసర్లు, చూసినవాళ్ళెవరికీ చదవరాకుండా పెట్టిన సంతకాలున్నాయి. ఆ దేశంలో ఏడాదికి సగం రోజులు మంచు కురుస్తుంది. ఆ మంచులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న ముసలమ్మలు ఎందరినో హైమ చెయ్యి పట్టుకుని మళ్ళీ నడిపించింది. అంత డిగ్రీ కూడా ఇక్కడి గాలి తగలగానే చెల్లకుండా పోయింది.

ఈ కథ జరిగిన రాష్ట్రంలో, పరదేశపు డిగ్రీతో ఎవరి ఒంటిమీదైనా చెయ్యి వేయాలంటే ముందు 'భౌతిక చికిత్సా విద్యార్హతల సమతుల్య నిర్ధారణ మండలి' ఊఁ అనాలి. ఆ పేరు ఒక్క గుక్కలో పలకడం కష్టం కాబట్టి అందరూ సమతుల్య మండలి అంటారు. నడుముల గురించీ మోకాళ్ళ గురించీ తీర్మానించే ఆ మండలి ఓ పాత భవనం మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు సంగతి పరిశీలనలో ఉంది.

ఆ ఊఁ తన ఒక్కదాని కోసమే అయితే హైమ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేది. కోనసీమలో నడిలంక అనే ఊళ్ళో కొబ్బరి దింపు కార్మికులు సంఘం పెట్టుకుని చిన్న ఆసుపత్రి కట్టుకున్నారు. చెట్టు మీంచి పడ్డవాడికి ఆపరేషన్ పట్నంలో అవుతుంది. ఆ తర్వాత బిగుసుకుపోయిన కాలు మడవడం నేర్పేవాళ్ళు ఉండాలి కదా, అందుకని ఓ గదిలో బల్లలు, కదలని సైకిలు, నిలువుటద్దం పెట్టించారు. గుర్తింపు ఉన్న ఫిజియోథెరపిస్టు వచ్చేదాకా ఆ గది తాళం తియ్యకూడదు. పంటు ఎక్కి గోదావరి దాటి ఆ లంకకి వచ్చేవాళ్ళు లేరు. హైమ వస్తానంది, హైమకి గుర్తింపు లేదు.

ఆ గది కోసం అందరికంటే ముందు కాచుకుని కూర్చున్నవాడు నూకరాజు. హైమకి బాబాయి. దీపావళి ముందు చెట్టు మీంచి పడ్డాడు. మోకాలి చిప్పకి ఆపరేషన్ చేసి పంపారు గానీ, ఆ కాలు కర్రలా నిలబడిపోయింది. వచ్చే ఎండాకాలం దాటితే ఇక మడవడం కష్టమని పట్నం డాక్టరు చెప్పాడు. వైశాఖం వెళ్ళేలోగా మనిషి రాకపోతే ఆ గదిలో కురిడీ కొబ్బరికాయలు పోసుకుంటామని సంఘం పెద్దలు చెప్పారు. కురిడీలకి గుర్తింపు అక్కర్లేదు.

మొదటి సమావేశానికి హైమ ఇస్త్రీ చీర కట్టుకుని, మెట్లన్నీ ఎక్కి వెళ్ళింది. పొడవాటి బల్ల చుట్టూ ఏడుగురు సభ్యులు ఎత్తు వీపుల కుర్చీల్లో కూర్చునున్నారు. మధ్యలో చైర్మన్ వేదాంతం పరాంకుశం గారు. ఆయన ఉద్యోగమంతా కొలతల శాఖలో గడిచింది. మనిషిని చూస్తే పొడవు, వెడల్పు ముందు చూసి, తర్వాత మొహం చూస్తారు. పక్కన రిజిస్ట్రారు తాయారమ్మ గారు. మండలి నిబంధనలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. వాటిలో సగం ఆవిడ రాసినవే.

"దరఖాస్తుదారు సదరు దేశమున ఎవరి మోకాళ్ళపై శిక్షణ పొందిరి?" అన్నారు పరాంకుశం గారు.

"ఆ దేశం వాళ్ళ మోకాళ్ళ మీదేనండి."

"అనగా కుర్చీలో కూర్చొను మోకాళ్ళు."

"ఔనండి."

చైర్మన్ గారు సభ్యులందరి వైపూ ఒకసారి చూశారు. దొంగ దొరికినట్టు వాళ్ళు తలలాడించారు.

"చూడమ్మా. పరదేశపు మోకాలు తొంభై డిగ్రీలు మడిచి ఆగును. మన మోకాలు బాసింపట్టు వేయును, గొంతుక్కూర్చొనును, పీటపై భోజనము చేయును. కావున మీ విద్య తొంభై డిగ్రీల వరకు మాత్రమే మన మోకాలికి వర్తించును. అటుపైన ఉన్న మోకాలు మీరు చదువుకొనని మోకాలు."

"ఎముకలు అవేనండి. కండలూ అవే."

"దానికి ఆధారము?" అన్నారు తాయారమ్మ గారు. "ఆ దేశ ప్రజలకును మన ప్రజలకును ఎముకలు సమానమని ఉభయ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక ఏదైనా కలదా?"

అలాంటి ఒడంబడిక ఏదీ లేదని హైమ ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఆమెకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తొంభై డిగ్రీలదాకా అయినా గుర్తింపు ఇవ్వండి, మిగతా మోకాలి సంగతి తర్వాత చూసుకుందాం అని దణ్ణం పెట్టింది.

మండలిలో ఓ ఆచారం ఉంది. దరఖాస్తుదారు తన ప్రార్థన తనే లేచి చదువుకోవాలి. చదివాక "ఆమోదించువారు చేతులెత్త ప్రార్థన" అనాలి. అప్పుడు రిజిస్ట్రారు కళ్ళజోడు పెట్టుకుని చేతులు చూస్తారు. హైమ చదివింది. సభ్యులందరూ ఇబ్బందిగా కదిలారు. ఏడు చేతులు బల్ల మీంచి లేచి, గడ్డాల దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాయి. ఒకాయన "అబ్బా" అన్నాడు.

"ఏ మోచేయియు చెవిని దాటలేదు. ప్రార్థన వీగినది," అన్నారు తాయారమ్మ గారు.

ఆ చెవి కథ కూడా చెప్పుకోవాలి. వెనకటి రోజుల్లో ఓ సభ్యుడు సమావేశంలో చెవి గోక్కుంటుంటే ఆ చేతిని ఓటుగా లెక్కేశారట. దానిమీద గొడవై, విచారణ జరిగి, చివరికి నిబంధన పుట్టింది: ఎత్తిన చేయి చేయి అనిపించుకోవలెనన్న మోచేయి చెవిని దాటవలెను. అప్పటినుంచి సభ్యులు ముసలివాళ్ళవుతూ వచ్చారు. నిబంధన మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగానే ఉంది. దాన్ని మార్చాలంటే చేతులెత్తాలి.

రెండో సమావేశంలోనూ అదే జరిగింది. మూడోసారి వెళ్ళేసరికి హైమకి కడుపు మండిపోయింది. నా డిగ్రీ అంటే వీళ్ళకి ఇంత చులకనా అనుకుంటూ, కోపంగా ఒక్కొక్కరినీ చూసింది. అలా చూడడమే మేలైంది. టీ వచ్చినప్పుడు ఒకాయన కప్పు నోటి దగ్గరికి తీసుకెళ్ళకుండా, నోరే కప్పు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇంకొకాయన వెనక జేబులో రుమాలు తియ్యలేక పక్కాయన్ని బతిమాలుకున్నాడు. పరాంకుశం గారి నుదుటి నామం ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. చెయ్యి అంతదాకా సరిగ్గా వెళ్ళడంలేదు మరి. మండలి రాజముద్రిక బీరువా నెత్తిన దుమ్ము కొట్టుకుపోయి కనిపించింది. అది అక్కడ పెట్టాక దాన్ని అందుకోగలిగిన మనిషి ఆ ఆఫీసులో లేడు.

హైమ కోపం ఒక్కసారిగా దిగిపోయింది. ఇది ద్వేషం కాదు, భుజం! ఏడుగురికీ భుజాలు బిగుసుకుపోయాయి. షుగరు, వయసు, ఆ ఎత్తు వీపుల కుర్చీలు అన్నీ కలిసి పట్టేశాయి. వచ్చిన వాళ్ళందరి దరఖాస్తులూ ఇన్నేళ్ళుగా ఇందుకే వీగిపోయాయి. నవ్వాపుకోలేక ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమమ్మా, దుఃఖమా?" అన్నారు చైర్మన్ గారు కొంచెం జాలిగా.

"కాదండి. మీకు రాత్రిళ్ళు కుడి పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి లేస్తోందాండి?"

పరాంకుశం గారి ఆఫీసు భాష అక్కడే జారిపోయింది. "నీకెవరు చెప్పారమ్మాయ్?"

"చూస్తే తెలుస్తోందండి. బాగుచెయ్యొచ్చు. కానీ నాకు గుర్తింపు లేదు కదండి, ముట్టుకోకూడదు."

ఇది మండలికి పెద్ద ధర్మసంకటం అయింది. గంటసేపు ఆలోచించారు. చివరికి తాయారమ్మ గారే దారి చూపించారు. చైర్మన్ విచక్షణాధికారం కింద, చేతులెత్తే పని లేకుండా, దరఖాస్తుదారు చేత 'దేశీయ దేహముపై నైపుణ్య ప్రదర్శన' చేయించుకోవచ్చునట. అయితే దేశీయ దేహానికి నష్టం జరిగితే మండలిపై ఫిర్యాదు వస్తుంది. మండలిపై ఫిర్యాదు చెయ్యని దేహాలు మండలివే. కాబట్టి సభ్యులే దేశీయ దేహాలుగా నియమితులయ్యారు. ప్రథమ దేశీయ దేహం పరాంకుశం గారు.

మర్నాటినుంచి మూడో అంతస్తు రూపు మారిపోయింది. హైమ నడిలంక నుంచి నూతి గిలక తెప్పించి సమావేశపు గది గుమ్మానికి వేలాడగట్టింది. తాడు చెరో కొస పట్టుకుని ఓ చేత్తో లాగితే ఇంకో చెయ్యి పైకి లేస్తుంది. సభ్యులు వరస కట్టి నూతి దగ్గర నీళ్ళు తోడినట్టు తోడారు. క్యాంటీన్లో ఉప్పు వేయించి, మూటకట్టి భుజాలకి కాపడం పెట్టించింది. గోడమీద సుద్దముక్కతో గీతలు గీసి, వేళ్ళతో పాకించింది. పని మీద వచ్చినవాళ్ళు తలుపు తోసి చూస్తే, పెద్దమనుషులు ఏడుగురూ గోడకి మొహాలు పెట్టి నిలబడి బల్లుల్లా వేళ్ళు పాకిస్తున్నారు. "మండలి పరిశీలనలో ఉంది" అని బంట్రోతు తలుపు మూసేవాడు.

నడుం వంచి, చెయ్యి వేలాడదీసి, ఏదైనా బరువు పట్టుకుని ఊపడం ఇంకో వ్యాయామం. బరువుకి ఏమీ దొరక్కపోతే హైమ తన దరఖాస్తు ఫైలే చైర్మన్ గారి చేతికిచ్చింది. ఆ మండలిలో ఒక ఫైలు కదలడం అదే మొదలు.

"పట్టి ఉంచండి... అలాగే పట్టి ఉంచండి... నేను చెప్పేదాకా దించకండి..." అనేది హైమ. వాళ్ళు చెప్పినట్టు వినేవాళ్ళు. జీవితమంతా ఇతరులకి ఆజ్ఞలిచ్చి కూర్చున్నవాళ్ళకి, ఒకరు చెబితే పట్టి ఉంచడంలో ఏదో కొత్త సుఖం దొరికింది. తాయారమ్మ గారు మాత్రం గిలక దగ్గరికి రాలేదు. రిజిస్ట్రారు దేహము కార్యాలయ దేహమని, దానిని ప్రదర్శనకు వినియోగించు వీలు నిబంధనలలో లేదని చెప్పి, తన సీట్లో తను కూర్చుని ఫైళ్ళు చూసుకునేవారు. హైమ "పైకి" అన్నప్పుడల్లా ఆవిడ బల్ల వెనకాల చిన్న అలికిడయ్యేది.

చలికాలం వెళ్ళిపోయింది. భుజాలు ఒక్కొక్కటీ వదులయ్యాయి. ఒకాయన తల తానే దువ్వుకుని వచ్చి అందరికీ చూపించాడు. పరాంకుశం గారి నామం నుదుటి నడుమకి వచ్చి నిటారుగా నిలబడింది.

హైమ రోజూ అడిగేది, "ప్రదర్శన అయిపోయింది కదండి, గుర్తింపు..."

"ఎడమ భుజము పరిశీలించవలసి యున్నది," అనేవారు చైర్మన్ గారు. ఎడమది అయ్యాక మెడ. మెడ అయ్యాక మడమ. ఆ తర్వాత దేశీయ దేహముల సంఖ్య చాలదని తేలింది. పురుష దేహములపై మాత్రమే ప్రదర్శించుట ఏకపక్షమని ఉత్తర్వు వచ్చింది. మర్నాడు సభ్యుల భార్యలు క్యారేజీలతో సహా దిగారు. ఆ పైవారం చైర్మన్ గారి బావమరిది 'అనుబంధ దేశీయ దేహము' హోదాలో వచ్చాడు. ఆయనకి ఏ నొప్పీ లేదు. ఊరికే మేడ ఎక్కినందుకు ఆయాసం ఒకటే.

ఓ మధ్యాహ్నం నూకరాజు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఎప్పుడొత్తున్నావ్? కాలు ఇటు మడవమంటే అటు బిగిసిపోతంది. గది తాళం తుప్పట్టేసిందమ్మా. నిన్న సంగం పెద్దలొచ్చి కొలతలట్టుకెళ్ళారు, కురిడీలెన్ని పడతాయో సూత్తానికి."

"వచ్చేస్తాను బాబాయ్. ఇంక కొద్ది రోజులు."

"ఆయ్. తొందరేం లేదులే. నాకేటి, కూకునే ఉన్నాను కదా," అన్నాడు ఆయన. కూకోవడం కూడా ఆయనకి రావడంలేదని హైమకి తెలుసు. గోడకి చేరగిలబడి, కాలు ముందుకి చాపుకుని, వచ్చేపోయేవాళ్ళకి అడ్డం అవుతుంటాడు. హైమ ఫోన్ పెట్టేసి తిన్నగా చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, నాకు ఇవాళే ఏదో ఒకటి తేల్చండి."

పరాంకుశం గారు అప్పుడు గిలక తాడు పట్టుకుని హాయిగా లాగుతున్నారు. "తొందరేమిటమ్మాయ్? గుర్తింపు ఇచ్చేశామనుకో, నువ్వు ఆ గది తాళం తియ్యడానికి మీ లంకకి చక్కాపోతావు. మా భుజాలు ఎవరు చూస్తారు?"

హైమకి ఒళ్ళు భగ్గుమంది. భుజాలు లేవనన్నాళ్ళూ లేవలేక ఇవ్వలేదు, లేచాక లేచాయి కాబట్టి ఇవ్వరు! అక్కడ బాబాయి కాలు చాపుకుని ఉంటే, ఇక్కడ తను బావమరిది గారి ఆయాసానికి కాపడం పెడుతోంది. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ అంతస్తుకోసారి కూర్చుని ఏడ్చింది.

వైశాఖంలో సమావేశం పెట్టారు. పరాంకుశం గారు గొంతు సవరించుకుని తీర్మానం చదివారు.

"సభ్యుల భుజములందు ఇంతవరకు ఎట్టి మెరుగుదలయు కానరానందునను, సభ్యులు చేతులు పైకెత్తలేని స్థితిలోనే కొనసాగుచున్నందునను, నైపుణ్య ప్రదర్శన అసంతృప్తికరమని భావించి, సదరు ప్రదర్శనను నిరవధికముగా పొడిగించుటకు ఆమోదించువారు చేతులెత్తవలెను."

ఏడు చేతులు ఒక్కసారి గాల్లోకి లేచాయి. ఎంత నిటారుగా లేచాయంటే, ఫ్యాను తిరుగుతుంటే ప్రమాదం జరిగేది. చేతులు లేవడంలేదన్న మాటకి ఆ మండలి చరిత్రలో మొట్టమొదటిసారి అన్ని చేతులూ లేచాయి. ఇందులో వింత ఉన్నట్టు ఒక్కరికీ తోచలేదు.

హైమకి ఏడుపు వచ్చేసింది. అయినా చదివిన చదువు ఊరుకోదు, కళ్ళు తమంతట తామే భుజాలు చూశాయి. కుడి భుజాలు పూర్తిగా లేచాయి. ఒక్క మెడా పక్కకి ఒరగలేదు. ఎంత బాగా వచ్చాయి అనుకుంది, ఏడుపు మధ్యలోనే. తాయారమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఇంకో క్షణంలో తీర్మానం రాసేస్తారు, చేతులు దిగిపోతాయి.

"అలాగే పట్టి ఉంచండి," అంది హైమ.

ఆ గొంతు వినగానే చేతులు అలవాటుగా ఆగిపోయాయి.

"మోచెయ్యి వంచకండి. ఊపిరి తీసుకోండి... వదలండి... నేను చెప్పేదాకా దించకండి." అంటూనే లేచి నిలబడింది. ఫైలు తెరవక్కర్లేదు, ఆ ప్రార్థన ఆమెకి నోటికొచ్చేసింది. "దొమ్మేటి హైమావతి అను నేను పరదేశమున పొందిన ఫిజియోథెరపీ అర్హతను, మోకాలు ఎంతవరకు మడిచిన అంతవరకు, పూర్తిగా గుర్తించవలెనని ప్రార్థన. ఆమోదించువారు చేతులెత్త ప్రార్థన."

గదిలో ఏడు చేతులూ ఎత్తే ఉన్నాయి.

తాయారమ్మ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒక్కొక్క చేతినీ, దాని పక్కనున్న చెవినీ నిదానంగా చూశారు. "మోచేతులన్నియు చెవులను దాటినవి. ప్రార్థన ఏకగ్రీవముగా ఆమోదించబడినది."

"అది ఎలా కుదురుతుందండీ!" అన్నారు పరాంకుశం గారు, చెయ్యి ఎత్తే ఉంచి. "ఇవి వేరే తీర్మానానికి లేచిన చేతులు!"

"చేయి ఎందుకు లేచినదో విచారించు అధికారము రిజిస్ట్రారుకు లేదు సార్. ఎంత లేచినదో చూచుటయే నా విధి. మొదటి తీర్మానమునకు లేచిన చేతులను నేను చూడలేదు, అప్పుడు కళ్ళజోడు తుడుచుకొనుచుంటిని. చూడని చేతులు నిబంధనల ప్రకారము లేవని చేతులే. చేతులు లేవడము లేదని మీ తీర్మానమూ అదే చెప్పుచున్నది కదా."

చైర్మన్ గారు ఏదో అనబోయి, హైమ వైపు తిరిగారు. "దించవచ్చా అమ్మా?"

"దించండి సార్. మెల్లగా దించాలి."

అప్పుడు తాయారమ్మ గారు కుర్చీలోంచి లేచారు. బీరువా దగ్గరికి వెళ్ళి, కుడి చెయ్యి పైకి చాచి, దుమ్ములోంచి రాజముద్రిక అందుకున్నారు. ఆవిడ మోచెయ్యి చెవి దాటి, ఇంకా పైకి పోయింది. హైమ ఆశ్చర్యంగా చూస్తుంటే, "ఫైళ్ళు చూసుకుంటూనే చేశానులే," అని మెల్లగా అని, ముద్ర దబ్బున కొట్టారు.

నడిలంకలో గది తాళం తియ్యడానికి నూనె పొయ్యాల్సి వచ్చింది. గుమ్మం ముందు అప్పటికే తెచ్చి పెట్టిన కురిడీల బస్తాలు పక్కకి మోసి, నూకరాజుని బల్ల ఎక్కించారు. మొదటి రోజు ఆయన పెట్టిన కేకలకి పంటు మీదివాళ్ళు కూడా తిరిగి చూశారు. రెండో వారం కేకలు బూతులయ్యాయి. బూతులు తిట్టే ఓపిక వచ్చిందంటే కాలు దారిలో పడ్డట్టేనని హైమ సంతోషించింది.

వానలు మొదలయ్యాక తాయారమ్మ గారు ఫోన్ చేశారు. గుర్తింపు రాకముందే ఏడుగురు సభ్యులకు చికిత్స చేసినందుకు హైమావతిపై చర్య తీసుకోవలెనని చైర్మన్ గారు తీర్మానం పెట్టారట.

"అయ్యో! ఏమైందండి?" అంది హైమ.

"ఏముంది? నువ్వు వెళ్ళాక వ్యాయామాలు మానేశారు. చేతులు గడ్డాల దాకా వచ్చి ఆగినవి. వీగినది." ఆవిడ గొంతు తగ్గించారు. "నా చెయ్యి మాత్రం లేస్తూనే ఉంది. రిజిస్ట్రారుకు ఓటు లేదు కదా, ఎవరికీ చెప్పలేదు."

హైమ ఫోన్ పట్టుకుని పెరట్లోకి నవ్వుకుంటూ వచ్చింది. అక్కడ నూకరాజు ఆమె కోసం బొండం కొడుతున్నాడు. ఇన్నాళ్ళూ నిలబడే కొట్టేవాడు. ఇవాళ కత్తి పక్కన పెట్టి, గోడ పట్టుకుని, పళ్ళు బిగించి మెల్లగా కిందికి దిగాడు. మోకాలు తొంభై దగ్గర కాస్త ఆగి, ఆ గీత దాటింది. ఇంకా దిగింది. ఆయన పూర్తిగా గొంతుక్కూర్చున్నాడు.

"సూడమ్మా," అన్నాడు ఆయాసపడుతూ, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే. "మీ మండలోళ్ళు నువ్వు సదూకోలేదన్న మోకాలు ఇదేనా?"

"ఇదే బాబాయ్," అంది హైమ. పక్కనే తనూ గొంతుక్కూర్చుని బొండం అందుకుంది.